ఏడున్నరకి మ్యాచ్, ఆరున్నరకి ప్రార్థన

ప్రియమైన అల్లుడికి,

ప్రభువు నామంలో మామ వందనాలు. మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగా మాట్లాడలేకపోయాను. పక్కన మీ అత్త ఉంది, టీవీ మోగుతోంది, పైగా నువ్వు చెప్పిన అంకె విని నాకు కాసేపు నోరు పెగల్లేదు. లక్షా ఎనభై వేలు. అందుకే రాస్తున్నాను. ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది, ఉత్తరమైతే రెండుసార్లు చదువుకుంటావు.

"మామా, రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను, అయినా బెట్టింగ్ మానలేకపోతున్నాను. నా ప్రార్థనలో లోపమేంటి?" అని అడిగావు. నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకో మీ అమ్మకి తెలుసు, నీకు సగమే తెలుసు.

నేను కందుకూరు-ఒంగోలు బస్సులో కండక్టర్‌గా ఉన్న రోజుల్లో బాగా తాగేవాణ్ణి. ఆదివారం గుళ్లో కానుకల పళ్లెం పట్టేవాణ్ణి, సోమవారం నుంచి శనివారం దాకా క్వార్టర్ సీసా పట్టేవాణ్ణి. 1995 జనవరిలో రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చినప్పుడు మీ అత్త ఉపవాసముండి మరీ స్తుతి చెల్లించింది. దూబగుంట ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన పోరాటం తన కాపురాన్ని కూడా నిలబెట్టిందని మురిసిపోయింది. ఏముంది, దొంగచాటుగా దొరికేది, రేటు పెరిగిందంతే. 1997లో నిషేధం ఎత్తేశాక నేను బస్సు దిగి నడిచే దారిలోనే షాపు తెరిచారు.

ఈ సంగతి ఎందుకంటే, "చట్టమొచ్చింది కదా, ఇక దానంతటదే మానిపోతుందనుకున్నా" అన్నావు చూడు, అందుకు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. తెలంగాణలో అయితే 2017 నుంచే నిషేధం ఉంది. అయినా నీకు టెలిగ్రామ్‌లో లింకు వచ్చింది, నాకు నిషేధంలో సీసా దొరికినట్టే.

నేనూ ప్రార్థన చేసేవాణ్ణిరా. అబద్ధం కాదు. డిపోలో క్యాష్ కట్టేసి, తొమ్మిదిన్నరకి ఆ షాపు ముందుకొచ్చేసరికి కాళ్లు వాటంతటవే నెమ్మదించేవి. బయట బెంచీ మీద ఉడకబెట్టిన గుడ్లు, మిరపకాయ బజ్జీలు, తెలిసిన నలుగురి ముఖాలు. అక్కడ నిలబడి "ప్రభువా, నన్ను కాపాడు" అని మనసులో అనుకునేవాణ్ణి. అనుకుంటూనే జేబులో చిల్లర లెక్కపెట్టేవాణ్ణి. ఆ తర్వాత సంగతి నీకు చెప్పనక్కర్లేదు.

మా సంఘంలో బైబిల్ ఉమన్‌గా, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకి వాక్యం చెప్పే పని చేసి రిటైరైన ఒక పెద్దావిడ ఉండేది. పళ్లు లేవు గాని నోరు మాత్రం కత్తి. ఒకరోజు పొద్దున నన్ను వసారాలో కూచోబెట్టి, "ఎన్నింటికి తాగుతావు?" అంది. తొమ్మిదిన్నరకన్నాను. "ప్రార్థన ఎన్నింటికి?" అంది. అదీ తొమ్మిదిన్నరకే, షాపు ముందు, అన్నాను. ఆవిడ నవ్వింది. "స్టాపు దాటాక విజిలేస్తే బస్సు ఆగుద్దా నాయనా?"

కండక్టర్‌కి చెప్పాల్సిన భాషలో చెప్పింది మహాతల్లి.

ఆ రోజు నుంచి షాపు ముందు ప్రార్థన మానేశాను. ఆఖరి ట్రిప్పులో టంగుటూరు దాటాక బస్సులో జనం పల్చబడేవాళ్లు. డ్రైవర్ లోపలి లైట్లు తీసేసేవాడు. అప్పుడు వెనక సీట్లో కూచుని, చిల్లరతో నల్లబడ్డ వేళ్లు ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి చెప్పుకునేవాణ్ణి. "అయ్యా, ఇంకో గంటలో నేను ఆ షాపు ముందుంటాను. ఇవాళ బ్యాగులో నా సొంత డబ్బు నలభై రూపాయలుంది. నాకు తాగాలనే ఉంది. ఆ సందులోంచి కాకుండా చర్చి రోడ్డు మీదుగా నన్ను ఇంటికి నడిపించు." అంతే. ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపు దాకా పట్టేంత ప్రార్థన.

ప్రభువుని పట్టుకుపోయిన రాత్రి జరిగిన గెత్సేమనే తోట సంగతి నువ్వు మళ్లీ చదువు. శిష్యులకి శోధన, అంటే పాపంలోకి లాగే పరీక్ష, ఎదురు కాకముందే ప్రభువు చెప్పాడు, మెలకువగా ఉండి ప్రార్థన చేయమని. మూడుసార్లు వచ్చి చూశాడు, మూడుసార్లూ నిద్రే. ఆ తర్వాత ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లో, చలిమంట దగ్గర, ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకి శిష్యుడైన పేతురు "ఆయనెవరో నాకు తెలియదు" అని జారిపోయాడు. మనమంతా పేతురు అక్కడ పడ్డాడనుకుంటాం. నాకైతే వాడు తోటలోనే పడ్డాడనిపిస్తుంది, నిద్రలో. అదే రాత్రి, అదే తోటలో చెమటోడ్చి ప్రార్థించిన ప్రభువు మాత్రం కత్తులతో గుంపు వచ్చినప్పుడు తొణకలేదు.

కాబట్టి ముందు నీ టైమేదో కనుక్కో. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఐపీఎల్ రోజుల్లో సాయంత్రం మ్యాచ్ ఏడున్నరకి, టాస్ ఏడింటికి. అయితే నీ ప్రార్థన ఆరున్నరకి. ఆఫీసు నుంచి బయటపడి మెట్రో ఎక్కేలోపు. రాత్రి పడుకునేముందు చేసే పది నిమిషాల ప్రార్థన మానమని కాదు, కానీ అప్పటికి డబ్బు పోయుంటుంది. జీతం పడే రోజు ఇంకా కష్టం. ఆ రోజు పొద్దున్నే మోకరించు.

ఇక ఏం చెప్పాలి అంటావా? గుళ్లో పెద్దలు వాడే భాష వద్దు. "సర్వాధికారివైన మా పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టి సర్వలోకం చుట్టొచ్చేసరికి నీ అసలు సంగతి ఆమెన్ కింద దాక్కుంటుంది. నేను సంఘ పెద్దగా పాతికేళ్లు అలాంటివి బోలెడు చేశాను, అందుకే చెప్తున్నాను. నీ పాపానికి పేరు పెట్టి చెప్పు. ఖాతాలో ఎంతుందో చెప్పు. ఏ ఆట మీద పెట్టాలనుందో చెప్పు. నీళ్లలో మునిగిపోతున్న పేతురు ఎంత పొడుగు ప్రార్థన చేశాడు? "ప్రభువా, నన్ను రక్షించుము." అంతేగా.

ఒక ప్రార్థన మాత్రం ఎప్పుడూ చేయకు. "ప్రభువా, ఈ ఒక్క బెట్ గెలిపించు, అప్పు తీర్చేసి మానేస్తాను." నువ్వు చెప్పలేదు గాని ఇది చేసే ఉంటావు. ఎలా తెలుసంటే, నేనూ అలాంటివి చేశాను. తాగుడుకి చాలక రెండుమూడుసార్లు ప్రయాణికుల దగ్గర డబ్బు తీసుకుని టికెట్ కొట్టలేదు. ఆ రాత్రుల్లో చెకింగ్ వాళ్లు ఎక్కకూడదని ఎంత భక్తిగా ప్రార్థించానో! అంత భక్తి ఈస్టర్‌కి కూడా లేదు. వాళ్లు ఎక్కలేదు కూడా. దేవుడు విన్నాడనుకుని సంతోషపడ్డాను చూడు, ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఫోన్ చేతిలో పెట్టుకుని ప్రార్థన చేయకు. యోసేపుని అతని యజమాని పోతీఫరు భార్య పాపానికి పిలిచి పట్టుకున్నప్పుడు అతను అక్కడే మోకరించి కన్నీటి ప్రార్థన చేశాడా? పైబట్ట ఆమె చేతిలో వదిలేసి బయటికి పరుగెత్తాడు. నీ పైబట్ట ఏంటో నువ్వే చూసుకో. ఆ టెలిగ్రామ్ గ్రూపులు, ఆ యూపీఐ, ఆ రెండో సిమ్. జీతం ఖాతా కార్డు మీ అక్కకిచ్చేయ్, వారానికింతని తీసుకో. సిగ్గుగానే ఉంటుంది. నేనూ రెండేళ్లు జీతం కవరు విప్పకుండా మీ అత్త చేతిలో పెట్టాను, టీ డబ్బులు అడిగి తీసుకున్నాను.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10:13 నీకు సండే స్కూల్లోనే వచ్చు. శోధనతో కూడ "తప్పించుకొను మార్గమును" దేవుడు కలుగజేస్తాడని ఉంది కదా. ఆ మార్గమంటే ఎర్రసముద్రం చీలినట్టు ఉంటుందనుకునేవాణ్ణి. తీరా చూస్తే నాకది చర్చి రోడ్డు. కుక్కలు మొరిగే, లైట్లు లేని, అరకిలోమీటరు ఎక్కువ నడవాల్సిన రోడ్డు. నీకది ఫోన్ ఆఫ్ చేసి హాస్టల్ డాబా మీదికి పోవడం కావచ్చు. ఆ ఒక్క వచనం ఇప్పుడే మళ్లీ కంఠతా పట్టు. అరణ్యంలో శోధకుడు వచ్చినప్పుడు ప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోంచే జవాబిచ్చాడు. చేతిలో గ్రంథపు చుట్ట ఉందని ఎక్కడా లేదు, మనసులో ఉన్నదే పనికొచ్చింది.

ఉపవాసం గురించి అడిగావు. నీకిప్పుడు వద్దు. ఆకలి, నిద్రలేమి, చిరాకు ఉన్నప్పుడే చేయి ఫోన్ మీదికి పోయేది. ముందు వేళకి తిను, పడుకో.

మనం రోజూ చెప్పే పరలోక ప్రార్థనలో "మమ్మును శోధనలోకి తేక" అని ఉంటుంది. "నన్ను" అని లేదు, గమనించావా? ఒక్కడివే పోరాడి గెలవాలనే పంతం వదులు. ఒకనితో ఒకడు పాపాలు ఒప్పుకోమని, ఒకనికోసం ఒకడు ప్రార్థన చేయమని యాకోబు ఊరికే రాయలేదు. అలాగని యూత్ మీటింగులో మైకు పట్టుకుని చెప్పకు. మనవాళ్లలో ప్రార్థన మనవి పేరుతో విషయం బుధవారానికి ఊరంతా తిరిగొస్తుంది. ఒక్కడు చాలు, నోరు కట్టుకునేవాడు. ప్రస్తుతానికి నేనున్నాను. ఇదొక జబ్బులా పట్టుకుందనిపిస్తే డాక్టర్ దగ్గరికి పోవడం విశ్వాసం తక్కువై కాదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం వాళ్ల హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, 14416, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

శోధన రావడం పాపం కాదు. చేయి దురద పెట్టిన ప్రతిసారీ "నేను పనికిరానివాణ్ణి" అనుకోకు. ప్రభువుకే వచ్చింది, ఆయన పాపం చేయలేదు. ఒకవేళ పడ్డావనుకో, ఆ రాత్రే ప్రార్థన చెయ్. నేను పద్నాలుగు నెలలు తాగకుండా ఉండి, ఒక పెళ్లిలో తాగేశాను. ఆ తర్వాత మూడు వారాలు సిగ్గుతో గుడికి పోలేదు. తాగిన ఒక్క రాత్రి కంటే ఆ మూడు వారాలే నాకు ఎక్కువ నష్టం చేశాయి. పేతురు పడకముందే ప్రభువు అతని కోసం వేడుకున్నాడు, మనసు తిరిగాక ఏం చేయాలో కూడా ముందే చెప్పి ఉంచాడు. ఆ మాట నాకు ఆ మూడు వారాల్లో గుర్తొచ్చుంటే బావుండేది.

త్వరగా కాలేదని విసుక్కోకు. మన ఒంగోలు ప్రార్థనా కొండ నీకు తెలుసు, చిన్నప్పుడు నా భుజమ్మీద ఎక్కావు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూవెట్ దొరగారు, ఆయన భార్య, మరో ముగ్గురు మనవాళ్లు, మొత్తం ఐదుగురు అక్కడ మోకరించారు. అప్పటికి ఆ మిషన్‌లో పని పండక, మూసేద్దామా అని అమెరికాలో మాట్లాడుకుంటున్నారు. గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది 1878 జూలై 3న. మధ్యలో ఇరవై నాలుగేళ్లు. జూవెట్ దొరగారికే అంత పట్టింది, నువ్వు ఆరు వారాలకే చేతులెత్తేస్తే ఎట్లా?

అప్పు సంగతి మీ అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. లోన్ యాప్‌లవి ఎన్ని, ఎవరికెంత, ఒక కాగితం మీద రాసి పంపు, దాచకుండా. ముందు వడ్డీ ఎక్కువున్నవి చూద్దాం. నా దగ్గర కొంత ఉంది, ఊరికే ఇవ్వను, నెలకింతని రాసుకుంటాను.

రేపట్నుంచి సాయంత్రం ఆరున్నరకి నేను ఫోన్ చేస్తాను. మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు, ఎత్తు చాలు. నేనే ప్రార్థన చేసి పెట్టేస్తాను. మీ అత్తని టీవీ సౌండ్ తగ్గించమని చెప్పాను, తగ్గిస్తుందనే నమ్మకం మాత్రం లేదు.

మీ మామ,
ఒంగోలు