ప్యానెళ్లు మీవి, లెక్కలు ఎవరి దగ్గర?

ప్రశ్న: పోయిన నెల మా డాబా మీద 540 వాట్ల సోలార్ ప్యానెళ్లు ఆరు పెట్టించాము. మిట్టమధ్యాహ్నం కూడా యాప్‌లో 2.4 కిలోవాట్లు దాటడం లేదు. ప్యానెళ్లలో లోపం ఉందా? ఎలా తెలుసుకోవాలి? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎండలు ముదిరాయంటే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ప్యానెల్ వెనుక అచ్చువేసిన 540 వాట్లు, సెల్ (ప్యానెల్‌లో ఎండను కరెంటుగా మార్చే పలక) 25 డిగ్రీల దగ్గర ఉండగా ప్రయోగశాలలో కొలిచినవి. మే నెలలో మీ డాబా మీద సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి, వేడికే 14 శాతం పోతుంది. దుమ్ము, తీగలు, ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఇంకొంత తింటాయి. 2.4 చూసి కంగారు పడకండి. ఈ మాట అమ్మేవారు ముందే చెప్పి ఉండాల్సింది.

మధ్యాహ్నపు అంకెను వదిలేసి రోజు మొత్తం యూనిట్లు చూడండి. మబ్బులేని రోజున కిలోవాటుకు దాదాపు నాలుగు, అంటే మీ ఆరు ప్యానెళ్ల 3.24 కిలోవాట్లకు 12, 13 యూనిట్లు రావాలి. వరుసగా పది లోపే ఉంటే అప్పుడు వెతకాలి.

అయితే నిజమైన లోపం ఇంత సులువుగా బయటపడదు. బిగించేటప్పుడు ప్యానెళ్ల మీద కాలు వేసి నడిచేవారిని నేను కళ్లారా చూశాను. అద్దం చెక్కుచెదరదు, లోపలి సెల్ మాత్రం వెంట్రుకవాసి చీలుతుంది. ఆ చీలిక దగ్గర కొన్నేళ్లకు వేడి మచ్చ పుట్టవచ్చు. అలాగే ప్యానెల్‌లో సాధారణంగా మూడు భాగాలు, ఒక్కోదానికి ఒక బైపాస్ డయోడ్ (ఆ భాగం మీద నీడ పడితే కరెంటును పక్కదారి పట్టించేది) ఉంటాయి. ఒక డయోడ్ షార్ట్ అయితే ఆ భాగం పనిచేయదు. ఆరు ప్యానెళ్లలో అది పద్దెనిమిదో వంతు. యాప్‌లో చూసి మబ్బేమో అనుకుంటారు! ఒక్కో ప్యానెల్ వోల్టేజీ విడిగా కొలిస్తేనో, వేడి తేడాలను చూపే థర్మల్ కెమెరాతో చూస్తేనో తెలుస్తుంది. ఆ పని మీరు చేయకండి. ఆరూ వరుసలో ఉంటే దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది, నడుస్తుండగా కనెక్టర్ లాగితే నిప్పు రేగుతుంది. బిగించినవారిని పిలిపించి, మీ ఎదుటే కొలిపించి, కాగితం మీద రాయించుకోండి. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే సూర్యఘర్ పథకం కింద పెట్టించుకుని ఉంటే ఐదేళ్ల నిర్వహణ వారి బాధ్యతే.

ఇక, మీరు అడగకపోయినా నన్ను అన్నిటికంటే భయపెట్టే సంగతి చెబుతాను. ఆ యాప్ ఖాతా ఎవరి ఫోన్ నంబరుతో తెరిచారు? చాలా ఇళ్లలో అది బిగించిన కుర్రాడి నంబరు. యజమానికి చూసే వీలు మాత్రమే ఇచ్చి, ఇన్వర్టర్‌ను ఆపే అధికారం, దాని సెట్టింగులు మార్చే అధికారం తన దగ్గరే ఉంచుకుంటాడు. అతను ఉద్యోగం మానేసినా అధికారం అతనితోనే పోతుంది. ఇన్వర్టర్‌కు తగిలించే వైఫై పరికరం తనదైన సిగ్నల్‌ను వదులుతూ ఉంటుంది. దాని పాస్‌వర్డ్ చాలాసార్లు 12345678. వీధిలో నిలబడినవాడు కూడా లోపలికి వెళ్లగలడు. 2025లో భద్రతా పరిశోధకులు మూడు పెద్ద కంపెనీల సోలార్ పరికరాల్లో 46 లోపాలు బయటపెట్టారు. ఇంత తెలిసీ ఇలాంటి పాస్‌వర్డ్‌తో పరికరం అమ్మడం నేరంతో సమానమని నా అభిప్రాయం. మొదటిసారి తెరవగానే పాస్‌వర్డ్ మార్చక తప్పని విధంగా తయారుచేయడానికి ఎంత ఖర్చవుతుంది?

ప్యానెళ్ల లోపాలకూ ఈ ఖాతా సంగతికీ సంబంధం ఉంది. ప్యానెళ్లకు 25 ఏళ్ల ఉత్పత్తి హామీ ఇస్తారు. ఉత్పత్తి తగ్గిందని రేపు మీరు వాదించాలంటే రోజువారీ లెక్కలే ఆధారం. ఆ లెక్కలు అమ్మినవారి ఖాతాలో ఉంటే మీ చేతిలో ఏముంటుంది?

చివరి వాయిదా ఇంకా కట్టకపోతే ఆపండి. ఖాతా మీ నంబరుకు మార్పించి, బిగించినవారికి చూసే వీలు మాత్రమే ఇవ్వండి. వైఫై పరికరం పాస్‌వర్డ్ మార్చి, దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కు కాకుండా గెస్ట్ నెట్‌వర్క్‌కు (రౌటర్‌లో అతిథుల కోసం విడిగా పెట్టుకునే వైఫైకి) కలపండి. ఆరు ప్యానెళ్ల సీరియల్ నంబర్లను బిల్లుతో సరిపోల్చి ఫోటో తీసుకోండి. నెలకోసారి యూనిట్ల పట్టికను దించుకుని దాచండి. ఇవన్నీ అయ్యాకే డబ్బు చేతిలో పెట్టండి.