ముక్కు క్యాన్సర్ మీద పరిశోధన చేస్తానంటోంది, ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్. వాళ్ల మేనమామకు ఆరేళ్ల కిందట ముక్కు పైభాగంలో ఆల్ఫ్యాక్టరీ న్యూరోబ్లాస్టోమా అనే అరుదైన క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు బాగానే ఉన్నాడు. అయినా ఏటా స్కానింగ్‌కు రమ్మంటున్నారు. తోడుగా ఆసుపత్రికి వెళ్లొచ్చినప్పటి నుంచి అమ్మాయి ఇలాంటి క్యాన్సర్ల మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. నేనేమో డేటా సైన్స్‌లో చేర్పిద్దామనుకుంటున్నాను. డాక్టర్ చదవని పిల్లకు అక్కడ ఏం పని ఉంటుంది? - ఒక తండ్రి

జవాబు: అమ్మాయి చదివిన చదువుకే అక్కడ చేతినిండా పని ఉందండీ. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలి.

వాసన తెలిపే నాడుల దగ్గర పుట్టే గడ్డ ఇది. 1924లో ఫ్రాన్స్‌లో బెర్జె, ల్యూక్ అనే వైద్యులు దీన్ని మొదటిసారి వర్ణించారు. ఇది ఎంత అరుదంటే, పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి కూడా ఏడాదికి కొద్దిమందే వస్తారు. అందుకని వేలమందిని రెండు గుంపులుగా విడదీసి, ఒకరికి ఈ మందు, ఇంకొకరికి ఆ మందు ఇచ్చి చూడటం దాదాపు కుదరని పని. వచ్చిన ప్రతి ఒక్కరి వివరాలూ రాసి పెట్టుకుని, ఏళ్ల తరబడి వాళ్లను గమనిస్తూ ఉండటమే దారి. పరిశీలనాత్మక అధ్యయనం అంటే ఇదే.

1976లో కాడిష్, ఆయన సహచరులు ఈ క్యాన్సర్‌ను ఎ, బి, సి అని మూడు దశలుగా విభజించారు. ముక్కులోనే ఉంటే ఎ, పక్కనున్న సైనస్‌లలోకి పాకితే బి, వాటినీ దాటితే సి. ఆ విభజనకు ఆధారం కేవలం 17 మంది రోగులు! ఇప్పటికీ డాక్టర్లు ఆ అక్షరాలు వాడుతూనే ఉన్నారు. మీ బావమరిది రిపోర్టులో కూడా ఉందేమో చూడండి. ఆ తర్వాత అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 1951 నుంచి 1990 దాకా తమ దగ్గర చికిత్స పొందినవారి వివరాలన్నీ ఒకచోట చేర్చి 1993లో ప్రచురించారు. నలభై ఏళ్లకు 49 మంది. 1951లో కేసు షీటు రాసిన చెయ్యి వేరు, 1993లో లెక్క కట్టిన చెయ్యి వేరు. మొదటివాళ్లు శ్రద్ధగా రాశారు కాబట్టే తర్వాతివాళ్లకు లెక్క తేలింది. నాకు ఈ రంగం మీద గౌరవం కలగడానికి కారణం ఇదే. 2001లో డుల్గెరోవ్ అనే వైద్యుడి బృందం ఈ క్యాన్సర్ మీద వచ్చిన 26 అధ్యయనాలు కలిపితే మొత్తం 390 మంది అయ్యారు.

ఇక అమ్మాయి చదువు ఎక్కడ పనికొస్తుందో చూడండి. చాలా క్యాన్సర్లలో అయిదేళ్లు గడిస్తే గండం గట్టెక్కినట్టే అనుకుంటాం. ఇది అలా కాదు, పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టిన సందర్భాలున్నాయి. ఈ పదేళ్లలో కొందరు ఊరు మారతారు, ఫోన్ నంబరు మారుస్తారు, రావడం మానేస్తారు. ఆఖరుసారి వచ్చినప్పుడు బాగున్నారు, తర్వాత తెలియదు. వాళ్లను బతికున్నవారిలో వెయ్యాలా, పోయినవారిలో వెయ్యాలా? రెండూ తప్పే. తెలిసినంత కాలం మాత్రం లెక్కలోకి తీసుకునే పద్ధతిని 1958లో కాప్లాన్, మేయర్ అనే ఇద్దరు రూపొందించారు. ఇలాంటి లెక్కలనే సర్వైవల్ అనాలిసిస్ అంటారు, అమ్మాయి ఆ పేరు వినే ఉంటుంది.

ఈ వారాంతంలో ఆమెను ఒక పని చెయ్యమనండి. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'సర్వైవల్' ప్యాకేజీ తెరిస్తే 228 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల పట్టిక ఉంటుంది. అందులో 'స్టేటస్' అనే నిలువు వరుసలో 2 అని ఉంటే మరణించినట్టు. అలా 165 మంది. మిగతా 63 మందికి 1 అని ఉంటుంది, అంటే కథ అక్కడితో తెలియకుండా ఆగిపోయిందన్నమాట. ఆ 63 మంది గురించి ఆలోచిస్తూ రాత్రి పది దాకా కూర్చుందంటే ఈ పని ఆమెదే. విసుగొచ్చిందంటే మీ డేటా సైన్సే మేలు.

కోర్సుల విషయానికొస్తే, ఆమెకు నేరుగా సరిపోయేది వెల్లూరు సీఎంసీలో ఎమ్మెస్సీ బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్య పరిశోధనలకు వాడే స్టాటిస్టిక్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోనూ మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ అనే ప్రజారోగ్య పీజీ కోర్సు ఉంది. వీటికి ఏ డిగ్రీవాళ్లు అర్హులో ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకునే అప్లై చెయ్యండి, పక్కింటివాళ్ల మాట నమ్మొద్దు. తర్వాత పనిచేసే చోట్లు: ముంబయి టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎందుకు వస్తోందో లెక్క తీసే శాస్త్రం) కేంద్రం, దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీలను (రోగుల వివరాలు నమోదు చేసే పట్టికలను) నడిపించే, బెంగళూరులోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ. మనకు దగ్గరలో విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. మొదట్లో చాలావరకు ప్రాజెక్టు పోస్టులే, ఏటా రెన్యూవల్ కోసం చూడాలి, జీతం సాఫ్ట్‌వేర్ అంత రాదు. పీహెచ్‌డీ అయితే గానీ సొంతంగా అధ్యయనం నడపలేరు. అయితే దారి మూసుకుపోదు. బయోస్టాటిస్టిక్స్ నేర్చినవారిని హైదరాబాద్, బెంగళూరు ఫార్మా, క్లినికల్ రీసెర్చ్ కంపెనీలు తీసుకుంటాయి. మీ టెన్షన్ అక్కడ సగం తగ్గాలి. ఇంకో మాట, ఈ ఒక్క క్యాన్సర్ మీదే పనిచేస్తానని అమ్మాయి పట్టుబట్టకూడదు. పద్ధతి నేర్చుకుంటే ఏ అరుదైన జబ్బుకైనా వాడుకోవచ్చు.

మీ బావమరిదిని మాత్రం ఆరేళ్లయింది కదా అని స్కానింగ్ మాననివ్వకండి. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టించండి. ఆ పని అమ్మాయికే అప్పగించండి. ఆయన ఫోన్ నంబరు మారి ఉంటే ఈసారి వెళ్లినప్పుడు ఆసుపత్రి రికార్డులో కూడా మార్పించమనండి.