రూట్ 25 అంటే 5 ఒక్కటేనా, మైనస్ 5 కూడానా?

ప్రశ్న: సార్, జీఆర్ఈకి చదువుతున్నా. ఎక్స్ స్క్వేర్ = 25 అంటే ఎక్స్‌కి 5, -5 రెండూ రాయమంటారు, అదే √25 అడిగితే ఒట్టి 5 అంటారు. రెండూ ఒకటే కదా? మాక్ టెస్టులో ప్రతిసారీ ఇక్కడే మార్కులు పోతున్నాయి.

జవాబు: ఒకటి కాదండీ. √ గుర్తు కనిపిస్తే జవాబు సున్నా గానీ పాజిటివ్ గానీ అంతే, నెగెటివ్ రాదు, అది ఆ గుర్తుకి పెట్టుకున్న అర్థం, జీఆర్ఈ వాళ్లూ అదే పాటిస్తారు. మరి ± ఎక్కడ్నుంచి వచ్చిందంటారా, ఎక్స్ స్క్వేర్‌కి రూట్ తీస్తే వచ్చేది ఎక్స్ కాదు, మాడ్ ఎక్స్, అంటే మైనస్ ఉంటే తీసేసిన ఎక్స్ విలువ. మాడ్ ఎక్స్ = 5 అయితే ఎక్స్ 5 అవ్వచ్చు, -5 అవ్వచ్చు. క్వాడ్రాటిక్ ఫార్ములా గుర్తు తెచ్చుకోండి, √ ముందు ± విడిగా రాస్తాం కదా, రూట్‌లోనే రెండు గుర్తులూ ఉంటే అది రాయాల్సిన పనేముంది!

క్వాంటిటేటివ్ కంపారిజన్‌లో అంటే ఎ, బి అని రెండు విలువలిచ్చి ఏది పెద్దదో అడిగే ప్రశ్నల్లో, దెబ్బతినేది ఇక్కడే. ఎక్స్ స్క్వేర్ = 25 అని ఇచ్చి, ఎ దగ్గర ఎక్స్, బి దగ్గర 5 పెడితే చాలామంది సమానం అని టిక్ పెట్టేసి వెళ్లిపోతారు, కానీ ఎక్స్ -5 అయితే బి పెద్దది, కాబట్టి చెప్పలేం అన్న ఆప్షన్ కరెక్టు. అదే ఎక్స్ = √25 అని ఇస్తే మాత్రం సమానమే.

ఇంకో రకం ఉంది, నాకైతే ఇదే అసలు దొంగ. √(ఎక్స్ + 6) = ఎక్స్. రెండు వైపులా స్క్వేర్ చేస్తే ఎక్స్ స్క్వేర్ - ఎక్స్ - 6 = 0, అంటే 3, -2 వస్తాయి. -2 పెట్టి చూడండి, ఎడమవైపు √4 అంటే 2, కుడివైపు -2, కుదరలేదు. స్క్వేర్ చేసినప్పుడు 2, -2 రెండూ 4 అయిపోతాయి, ఆ తేడా చెరిగిపోయి లేని జవాబు లోపలికొస్తుంది. అందుకే స్క్వేర్ చేసిన ప్రతిసారీ వచ్చిన జవాబుల్ని మొదటి ఈక్వేషన్‌లో పెట్టి చూడాల్సిందే, పది సెకన్ల పని.

అన్నట్టు ఎక్స్ నెగెటివ్ అని ఇచ్చి √(ఎక్స్ స్క్వేర్) ఎంత అంటే జవాబు -ఎక్స్. మైనస్ చూసి కంగారుపడకండి, ఎక్స్ -7 అయితే -ఎక్స్ అంటే 7, √49 కూడా 7 కదా. క్యూబ్ రూట్‌కి ఈ గొడవేం లేదు, -8 క్యూబ్ రూట్ -2 ఒక్కటే.