పిక్నిక్‌లో పాతకాలపు గోనెసంచి పరుగు ఎలా పెట్టాలి?

పిల్లలూ పెద్దలూ కలిసి వచ్చే పిక్నిక్‌లో గోనెసంచి పరుగు, ఇంకొన్ని పాత ఆటలు అప్పట్లో ఆడినట్టే ఆడించాలని అడిగారు. మా చుట్టాలకీ ఆఫీసు వాళ్లకీ ఇవి చాలాసార్లు దగ్గరుండి ఆడించాను, కాబట్టి ముందే చెప్తున్నా, గోనెసంచి పరుగు మాత్రం అచ్చం అప్పటి పద్ధతిలో పెట్టకండి. ఇంగ్లండ్ ఆటల గురించి జోసెఫ్ స్ట్రట్ 1801లో వేసిన పుస్తకంలో ఈ పరుగు ఎలా ఉంటుందంటే, తల తప్ప ఒళ్లంతా సంచిలో పెట్టి కట్టేస్తారు, చేతులు కూడా లోపలే. పడితే మొహమే నేలకి తగులుతుంది. మీరు చేతులు బయట ఉంచి, సంచి అంచు నడుం దగ్గర పట్టుకోమనండి. సరదా ఏమీ తగ్గదు.

సంచి మాత్రం జనపనారదే కావాలి. ప్లాస్టిక్ సంచులు గడ్డి మీద జర్రున జారిపోతాయి, నేను వాటిని అసలు రానివ్వను. పెద్దవాళ్లకి వంద కిలోల ధాన్యం పట్టేది, పిల్లలకి యాభై కిలోలది సరిపోతుంది. ఎరువులో పురుగుల మందో ఉన్న సంచులు ఉతికినా సరే వాడొద్దు. మిగతావి తిరగేసి బాగా దులిపి, ఒకరోజు ఎండలో వేయండి, లేకపోతే ఆ దుమ్ముకి తుమ్ములే తుమ్ములు. దూరం పెద్దలకి ఇరవై మీటర్లు చాలు, పిల్లలకి పది. ఎక్కువ పెడితే సగం మంది మధ్యలోనే ఆగిపోతారు. రాళ్లూ గుంటలూ లేని గడ్డి నేల చూసుకోండి, మనిషికీ మనిషికీ మధ్య రెండు బారల జాగా వదలండి. కొందరు గెంతకుండా రెండు పాదాలూ సంచి అడుగు మూలల్లో పెట్టి చిన్న అడుగులతో ఉరుకుతారు. అది తప్పేం కాదు, ఆపకండి! నాకైతే రిలే అన్నిటికంటే ఇష్టం. జట్టుకి ఒకే సంచి ఇస్తే, ఒకరు కంగారుగా విప్పుతుంటే ఇంకొకరు దూరడం చూడాలి, గోలంతా అక్కడే. సంచులు కూడా తక్కువే పడతాయి.

మిగతా ఆటలకి చిత్రకారుడు బ్రూగెల్ 1560లో వేసిన పిల్లల ఆటల బొమ్మ నెట్‌లో పెద్దది చేసి చూడండి. చక్రం దొర్లించడం, ఒకరి వీపు మీంచి ఒకరు దూకడం, కళ్లకు గంతలు, అచ్చనగాయలు, అన్నీ ఆ ఒక్క బొమ్మలోనే ఉన్నాయి. వీటిలో చక్రం తప్పకుండా పెట్టండి, పాత సైకిల్ టైరూ ఒక కర్రా ఉంటే చాలు, తాతయ్యలు కూడా లేచి వస్తారు. మూడు కాళ్ల పరుగుకి తాడు కట్టకండి, కోసుకుంటుంది, వెడల్పాటి మెత్తటి గుడ్డ కట్టండి.

తాడు లాగుడు పెట్టాలనుకుంటే మాత్రం జాగ్రత్త. ఇది 1900 నుంచి 1920 దాకా ఒలింపిక్స్‌లో ఉన్న ఆట, అందరికీ ఇష్టమే, కానీ సాగే నైలాన్ తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. 1997లో తైపీలో పెద్ద పోటీలో తాడు తెగి ఇద్దరి చేతులు తెగిపోయాయి. లావుపాటి నూలు తాడో, జనపనార తాడో తెచ్చుకోండి, దాన్ని చేతికి చుట్టుకోవద్దని పిల్లలకి ఆట మొదలెట్టకముందే గట్టిగా చెప్పండి.

గెంతే ఆటలన్నీ భోజనానికి ముందే అయిపోవాలి. తిన్నాక అచ్చనగాయలో, గుడ్డ దాచే ఆటో కూర్చుని ఆడుకోవచ్చు.