అంధ ఫుట్‌బాలా, అంధుల ఫుట్‌బాలా?

సందేహం: పారాలింపిక్స్ వార్తల్లో ఒకే ఆటను 'అంధ ఫుట్‌బాల్', 'అంధుల ఫుట్‌బాల్', 'దృష్టిలోప క్రీడాకారుల ఫుట్‌బాల్', 'దివ్యాంగుల ఫుట్‌బాల్' అని నాలుగు రకాలుగా రాశారు. ఏది సరి? చూపు లేనివారు కళ్లకు గంతలు కట్టుకుని ఆడతారని కూడా చదివాను. అది అనువాదంలో దొర్లిన తప్పా? ఆటగాళ్లు 'ఓయ్' అని అరుస్తారట. అది మన 'ఓయ్' యేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: 'అంధుల ఫుట్‌బాల్' అని రాయండి. మిగిలిన మూడింటిలో ఒకటి తెలుగు నుడికారానికి ఎదురు పోతుంది. రెండు తెలుగే గాని ఈ ఆటకు సరిపోవు.

'అంధ' మనిషిని చెప్పే మాట ముందు నిలిస్తే పేచీ లేదు: అంధ విద్యార్థి, అంధ గాయకుడు. మనిషి కానిదాని ముందు చేరితే మాత్రం 'ఆలోచన లేని' అనే అర్థం వచ్చేస్తుంది: అంధవిశ్వాసం, అంధానుకరణ, అంధభక్తి. 'అంధ ఫుట్‌బాల్' కూడా ఆ వరసలోకే పోతుంది. 'మహిళా క్రికెట్' చెల్లుతోంది కదా అంటారేమో, మహిళ నామం. 'అంధ' ఇక్కడ విశేషణం. అది పక్కనున్న మాటకే అంటుకుంటుంది. షష్ఠి పెడితే చిక్కు తీరిపోతుంది: అంధుల పాఠశాల, అంధుల క్రికెట్, అంధుల ఫుట్‌బాల్.

మాటల వరస కూడా చూసుకోవాలి. 'అంతర్జాతీయ అంధుల ఫుట్‌బాల్ పోటీలు' అంటే అంధులు అంతర్జాతీయులైనట్టు ఉంటుంది. 'అంధుల అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలు' అనాలి. మహిళల ప్రపంచ పోటీలు 2023లో బర్మింగ్‌హామ్‌లో మొదలయ్యాయి, 2025లో మన కొచ్చిలో జరిగాయి. వాటికి 'అంధ మహిళల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు' చక్కగా నప్పుతుంది. 'మహిళల అంధ ఫుట్‌బాల్' అంటే మళ్లీ మొదటికే వస్తాం.

ఇక 'దృష్టిలోపం'. అది మర్యాదగా ఉంటుందని చాలామంది వాడతారు. వ్యాకరణంలో లోపం అంటే పూర్తిగా పోవడమే. రాముడు, అతడు కలిసి 'రాముడతడు' అయినప్పుడు పోయిన ఉకారం మచ్చుకైనా మిగలదు. వాడుకలో లోపం అంటే కొరత, వెలితి. అందుకే నేటి పాఠకుడికి 'దృష్టిలోపం' అనగానే మందపాటి కళ్లద్దాలు గుర్తొస్తాయి. ఈ ఆటలో ఆ తేడా ప్రాణం లాంటిది. క్రీడల కోసం చూపును బి1, బి2, బి3 అని మూడు తరగతులు చేశారు. వెలుతురే తెలియనివారు, తెలిసినా చేతి ఆకారం పోల్చుకోలేనివారు బి1 కిందికి వస్తారు. కొంత చూపు మిగిలినవారు బి2, బి3. పారాలింపిక్స్‌లో 2004 ఏథెన్స్ నుంచి ఉన్నది బి1 ఆట ఒక్కటే. బి2, బి3 వారికి వేరే పోటీలున్నాయి. వాళ్లు మామూలు బంతితో, గంతలు లేకుండా ఆడతారు. వాటిని 'పాక్షిక దృష్టి గలవారి ఫుట్‌బాల్' అనండి. రెండింటినీ 'దృష్టిలోపం' అనే ఒక్క గంపలో వేస్తే పాఠకుడికి ఏ ఆటో తెలియదు. 'దివ్యాంగుల ఫుట్‌బాల్' ఇంకా పెద్ద గంప. కాలు తీసేసినవారు ఊతకర్రలతో ఆడే ఫుట్‌బాల్ కూడా అందులోకే వస్తుంది.

'అంధుల' అంటే నొచ్చుకుంటారేమో అన్న బెంగ అక్కర్లేదు. టోక్యోలో 'ఫైవ్-ఎ-సైడ్ ఫుట్‌బాల్' అన్న పేరుతో సాగిన ఈ ఆట పారిస్ 2024కి అధికారికంగా 'బ్లైండ్ ఫుట్‌బాల్' అయింది. దాచుకోవలసిన మాటగా ఆట నడిపేవాళ్లే అనుకోలేదు. మనుషుల విషయంలో మానుకోవలసింది 'గుడ్డి'. 'గుడ్డిలో మెల్ల', 'గుడ్డిదీపం' వంటివి భాషలో ఉంటే ఉంటాయి గాని, ఈ ఆట వార్తలో 'గుడ్డిగా బాదిన బంతి' అని రాస్తే అది వార్తాహరుడి మొరటుతనం.

ఒక జాగ్రత్త: చట్టంలో అంధుడు, ఈ ఆటలో అంధుడు ఒకరే కాకపోవచ్చు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అద్దాలు పెట్టినా మెరుగైన కంటిలో చూపు 3/60 (మామూలు కంటికి 60 మీటర్ల నుంచి ఆనేది 3 మీటర్ల నుంచి మాత్రమే ఆనడం) కన్నా తక్కువ ఉంటే అంధత్వమే. ఆ ధ్రువపత్రం ఉన్న మనిషి క్రీడల లెక్కలో బి2 కావచ్చు. అప్పుడు బి1 జట్టులో గోల్‌కీపర్‌గా తప్ప చోటుండదు. 'అంధుడని సర్టిఫికెట్ ఉన్నా జట్టులోకి తీసుకోలేదు' అని వార్త రాసే ముందు ఇది కనుక్కోవాలి. అంధుల క్రికెట్‌లో పేరు కొంత వదులుగా ఉంటుంది. అక్కడ 11 మందిలో నలుగురైనా బి1 వారుండాలి, తక్కినవారికి కొంత చూపుంటుంది.

గంతల సంగతి అనువాద దోషం కాదు, నియమం. బి1లోనూ కొందరికి వెలుతురు, నీడ తెలుస్తాయి. ఆ కాస్త తేడా కూడా లేకుండా మైదానంలో ఒక్కో జట్టుకు దిగే అయిదుగురిలో నలుగురు ఆటగాళ్లూ గంతలు కట్టుకుంటారు. ఆట మధ్యలో వాటిని చేత్తో ముట్టుకుంటే తప్పు కింద లెక్క. 'కళ్లగంతలు' మనకు ఆటల నుంచి, గానుగెద్దు నుంచి వచ్చిన అచ్చమైన మాట. 'నల్ల కళ్లద్దాలు' అని రాయకండి. అయిదో మనిషి గోల్‌కీపర్. అతనికి చూపుంటుంది, గంతలుండవు. అందుచేత 'అయిదుగురు అంధులు బరిలోకి' అన్న శీర్షిక తప్పు.

మీరు అడగకపోయినా, ఈ వార్తల్లో మాటల కన్నా ఎక్కువగా బోల్తా కొట్టించేవి అరిగిపోయిన వాక్యాలు. 'ప్రేక్షకుల కేరింతల హోరులో దూసుకెళ్లి గోల్ కొట్టాడు' – ఈ ఆటలో ఇది జరగదు. బంతి కదులుతున్నంతసేపూ స్టేడియం నిశ్శబ్దంగా ఉండాలి. అరుపులు గోల్ పడ్డాకే. బంతి లోపల గలగలలాడే చిన్న డబ్బీలుంటాయి. ఆటగాళ్లు వినవలసింది ఆ చప్పుడే. దాన్ని 'గంటల బంతి' అంటే ఎన్ని గంటలని అడుగుతారు. 'గలగలల బంతి' అనండి, 'చప్పుడు బంతి' అన్నా చాలు. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఆ మైదానానికి నిలువునా రెండు పక్కలా నడుమెత్తు చెక్కలుంటాయి. బంతి వాటికి కొట్టుకుని లోపలికే వస్తుంది. 'త్రో-ఇన్', 'ఆఫ్‌సైడ్' అన్న మాటలకు ఇక్కడ పని లేదు.

ప్రత్యర్థి గోల్ వెనక నిలబడి దిశ చెప్పే మనిషిని 'గైడ్' అనే రాయండి. 'మార్గదర్శి' అంటే తెలుగునాట ఎవరికి ఏం గుర్తొస్తుందో చెప్పనక్కర్లేదు. పెనాల్టీకి ముందు గైడ్ రెండు గోల్‌స్తంభాలనూ లోహపు ముక్కతో తట్టి చూపిస్తాడు. 'వినిపిస్తాడు' అనాలా? అక్కర్లేదు. రుచి చూడమంటాం, వేడి చూడమంటాం. తెలుగులో 'చూడు' కంటికి మాత్రమే కట్టుబడిన క్రియ కాదు. చూపు లేనివారూ 'రేపు చూద్దాం' అనే అంటారు. 'కళ్లు చెదిరే గోల్' కూడా నిక్షేపంగా రాయండి, చెదిరేవి ప్రేక్షకుడి కళ్లు.

చివరగా 'ఓయ్'. అది మన ఓయ్ కాదు, స్పానిష్ 'వోయ్'. బంతి కోసం ఎదుటివాడి మీదికి వెళ్లేవాడు ముందుగా, వినపడేలా ఆ మాట అనాలి. అనకపోతే ఫౌల్. తలా తలా గుద్దుకోకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. మనకు పదాది ఓకారం ముందు వకారం ఛాయ పలకడం అలవాటు. పాత అచ్చు పుస్తకాల్లో 'వోడ', 'వొక' అని కనిపిస్తాయి. వాటిని 'ఓడ', 'ఒక' అని దిద్దడానికి అలవాటుపడ్డ చెయ్యి 'వోయ్'ని కూడా 'ఓయ్' చేసింది. మన 'ఓయ్' పిలుపు, 'వోయ్' క్రియ. ఒక్క మాటలోనే కర్త 'నేను' ఇమిడి ఉంది, మన 'వస్తున్నా'లో ఉన్నట్టే.

దానికి అర్థం రాసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతోంది. నిఘంటువు చూసి 'వెళ్తున్నాను' అని రాస్తున్నారు. వినేవాడి వైపు కదిలేటప్పుడు స్పానిష్‌వాళ్లు 'వెళ్లు' అనే క్రియ వాడతారు, మనం 'వచ్చు' వాడతాం. వంటింట్లోంచి అమ్మ పిలిస్తే 'వస్తున్నా' అంటాం గాని 'వెళ్తున్నా' అనం కదా. కాబట్టి అర్థం 'వస్తున్నా'. వార్తలో 'వోయ్ (వస్తున్నా) అనకుండా అడ్డుపడినందుకు ఫౌల్' అని రాస్తే సరిపోతుంది. 'ఓయ్ అని పిలవనందుకు ఫౌల్' అని రాస్తే, రిఫరీ మర్యాదలు నేర్పుతున్నాడనుకుంటారు.