బిల్డర్ పంపిన అంగీకార పత్రం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: మూతపడిన రసాయనాల ఫ్యాక్టరీ స్థలంలో కట్టిన గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ కొన్నాం. నాన్నగారి పొలం అమ్మిన డబ్బుకు బ్యాంకు లోను కలిపి కట్టాం. స్వాధీనం తీసుకుని నాలుగేళ్ల అయిదు నెలలైంది. రెండున్నరేళ్లుగా బోరు నీళ్లు థిన్నర్ వాసన వస్తున్నాయి. పాపకు ఒంటి మీద దద్దుర్లు తగ్గడం లేదు. నా భార్యకు టెన్షన్‌తో నిద్ర ఉండటం లేదు. వాట్సాప్ గ్రూపులో అడిగినప్పుడల్లా ‘చూస్తాం’ అన్న బిల్డర్ ఇప్పుడు అందరికీ లేఖ పంపాడు. ల్యాబ్ రిపోర్టు ప్రకారం నీళ్లు తాగడానికి పనికొస్తాయని, అయినా మా తృప్తి కోసం తన ఖర్చుతో ఆర్వో ప్లాంటు పెడతానని అన్నాడు. జత చేసిన అంగీకార పత్రం మీద పదిహేను రోజుల్లో సంతకాలు చేయాలట. మేం ఆర్వో మిషన్లు అమ్మే అతనితో టెస్ట్ చేయిస్తే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 410 వచ్చింది, బాగానే ఉందన్నాడు. విషయం బయటకు పొక్కకముందే ఫ్లాట్ అమ్మేయమని బావమరిది అంటున్నాడు. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ కేసు మొత్తం ‘నాలుగేళ్ల అయిదు నెలలు’ అన్న ఆ ఒక్క మాట మీద ఉంది. మిగతా సంగతులు దాని తర్వాతే.

రియల్ ఎస్టేట్ కొనుగోలుదారుల రక్షణకు వచ్చిన రెరా చట్టం (2016) సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి అయిదేళ్లలోపు కొనుగోలుదారు లోపాన్ని బిల్డర్ దృష్టికి తేవాలి. తెస్తే ముప్పై రోజుల్లో పైసా అడగకుండా సరిచేయాల్సిన బాధ్యత అతనిది. చేయకపోతే నష్టపరిహారం ఇవ్వాలి. ఇది గోడల పగుళ్లకే అని చాలామంది అనుకుంటారు. నాణ్యతలో, సేవల్లో, సేల్ అగ్రిమెంటు ప్రకారం బిల్డర్ నెరవేర్చాల్సిన ఏ బాధ్యతలో లోపం ఉన్నా వర్తిస్తుంది. నీటి సరఫరా మీ అగ్రిమెంటులో సదుపాయంగా రాసి ఉంటే నీళ్ల లోపం కూడా అందులోకే వస్తుంది. మీకు మిగిలింది ఏడు నెలలు.

రెండున్నరేళ్లు మీరేం చేశారు? నూట యాభై కుటుంబాలున్నా పది కుటుంబాలున్నా, ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరూ తేదీ వేసి, సంతకం పెట్టి, బిల్డర్ ఆఫీసుకు ఒక్క కాగితం పంపలేదా? ఈ నిర్లక్ష్యానికి మూల్యం ఇప్పటికే కొంత కట్టారు. వినియోగదారుల కమిషన్‌లో గడువు, కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపి మన్నించమని అడగవచ్చు గానీ, అది కమిషన్ దయ. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద ఇచ్చే ఆరు నెలలు కూడా దాటిపోయాయి. పరిహారం, పర్యావరణ పునరుద్ధరణ కోరే సెక్షన్ 15కు అయిదేళ్ల గడువు ఉంది కాబట్టి ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ తలుపు ఇంకా మూసుకోలేదు.

వాట్సాప్ సందేశాలు బొత్తిగా పనికిరావని కాదు. ఆ గ్రూపులో బిల్డర్ మనుషులు ఉండి ‘చూస్తాం’ అని జవాబిచ్చారంటే అతనికి విషయం తెలుసని చూపడానికి అది మంచి ఆధారం. కానీ స్క్రీన్‌షాట్ ప్రింట్లు తీసి ఫైల్లో పెట్టినంత మాత్రాన సాక్ష్యం అవదు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. ఆ సందేశాలున్న ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, ఫార్మాట్ చేయకండి.

ఇక బిల్డర్ పంపిన రిపోర్టు తీసి మళ్లీ చదవండి. ‘శాంపిల్ పార్టీ తెచ్చినది’ అని ఉందా? ఉంటే, ఆ నీళ్లు ఎక్కడివో ల్యాబ్‌కు తెలియదు. ఫలితాలు తాము పరీక్షించిన శాంపిల్‌కే వర్తిస్తాయని ల్యాబ్‌లు కింద చిన్న అక్షరాల్లో రాస్తాయి. తర్వాత ఏమేం పరీక్షించారో చూడండి. పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్ మాత్రమే ఉంటే, థిన్నర్ వాసనకు కారణమయ్యే సాల్వెంట్ల (త్వరగా ఆవిరయ్యే రసాయన ద్రావకాల) జోలికే ఎవరూ పోలేదన్నమాట. మీరు భయపడుతున్న పదార్థాన్ని వెతకని రిపోర్టు, అది లేదని ఎలా చెబుతుంది? మీ ఆర్వో అతని టీడీఎస్ పెన్నుదీ అదే కథ. నీళ్లలో కరిగిన లవణాలు కరెంటును ఎంత పారనిస్తాయో చూసి అది అంకె చెబుతుంది, సాల్వెంట్లను పట్టుకోలేదు. ఆ 410 అంకెను మీ ఫిర్యాదులో ఎక్కడా రాయకండి, మీకే ఎదురు తిరుగుతుంది.

పరీక్ష ఎలా చేయించాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి కేసులు ఎక్కువగా ఇక్కడే ఓడిపోతాయి. ముందు, ఆ స్థలంలో ఏ రసాయనాలు తయారయ్యేవో తెలుసుకోండి. కాలుష్య నియంత్రణ మండలి ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన అనుమతుల ఫైలు కోసం పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ ప్రాజెక్టు నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తీసుకుని ఉండాలి. ఆ దరఖాస్తులో పాత ఫ్యాక్టరీ సంగతి బిల్డర్ ఏం రాశాడో కూడా అడగండి. అక్కడ దాచి ఉంటే మీ చేతికి పెద్ద ఆయుధం దొరికినట్టే. జవాబుకు ముప్పై రోజులు పడుతుంది, కాబట్టి ఈ వారమే పంపండి.

తర్వాత ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్. గుర్తింపు ఉంటే చాలదు, మీరు అడిగే రసాయనాల పరీక్ష ఆ గుర్తింపు పరిధిలో ఉందో లేదో చూసుకోండి. శాంపిల్ ల్యాబ్ మనిషే వచ్చి తీయాలి. సంపులోనో, ఓవర్‌హెడ్ ట్యాంకులోనో పట్టిన నీళ్లు వద్దు. అక్కడికి చేరేసరికి ఆవిరయ్యేది ఆవిరైపోతుంది. మోటారు కాసేపు నడిపాక బోరు దగ్గరే గాజు సీసాలో, లోపల గాలి బుడగ మిగలకుండా అంచుదాకా నింపి, ఐసు పెట్టెలో తీసుకెళ్లాలి. తేదీ, సమయం ముందే రాసి బిల్డర్‌ను రమ్మనండి. వస్తే సంతకం తీసుకోండి, రాకపోతే రాలేదని రాసి సాక్షులతో సంతకం చేయించండి. మొత్తం వీడియో తీయండి. నీటి చట్టం (1974) సెక్షన్ 21 కింద బావుల నుంచి శాంపిల్ తీసే అధికారం మండలికి ఉంది. దానికీ విడిగా ఫిర్యాదు ఇవ్వండి. రాజస్థాన్‌లోని బిచ్రి గ్రామంలో బావులు రసాయనాలతో పాడైన కేసులో, కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు తేల్చడానికి ఆధారమైంది జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నిపుణుల నివేదికే.

ఇప్పుడు ఆ అంగీకార పత్రం. ‘పూర్తిగా తృప్తి చెందాం, ఇకపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు’ అన్న వాక్యం అందులో ఎక్కడో ఉంటుంది, వెతకండి. కోర్టుకు వెళ్లనని రాసిచ్చినా కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 28 కింద చెల్లదని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మి సంతకం చేయకండి. రావలసిన దానికి బదులు మరొకటి తీసుకుని తృప్తిపడవచ్చని అదే చట్టంలో సెక్షన్ 63 చెబుతోంది. బిల్డర్ లాయర్ వాదన మొదలయ్యేది అక్కడే. ప్లాంటు పెడతానంటే పెట్టనివ్వండి, ‘మా హక్కులు వదులుకోకుండా ఒప్పుకుంటున్నాం’ అని విడిగా రాసి ఇవ్వండి. కొన్ని సాల్వెంట్లు ఆర్వో పొరను కూడా దాటిపోతాయి కాబట్టి, రిపోర్టు వచ్చేదాకా ఆ నీళ్లు తాగొద్దు, వండొద్దు. పాపను చర్మ వైద్యుడికి చూపించి, నీళ్ల సంగతి చెప్పి, ప్రతి చీటీ తేదీతో దాచండి.

మీ బావమరిది సలహా మాత్రం ప్రమాదకరం. తనకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 అంటోంది. దాస్తే అది మోసం కిందికే వస్తుంది. ఈ రోజు మీరు బిల్డర్‌ను అడుగుతున్న ప్రశ్నే రేపు మరో తండ్రి మిమ్మల్ని అడుగుతాడు. మీ వాట్సాప్ సందేశాలే అప్పుడు మీ మీద సాక్ష్యం. ఆ ఆలోచన ఇవాళే మానుకోండి.

నోటీసు ఈ పదిహేను రోజుల్లోనే వెళ్లాలి. అసోసియేషన్ తీర్మానంతో ఒకటి పంపి ఊరుకోకండి. చట్టం ‘కొనుగోలుదారు’ తెలియజేయాలంటోంది కాబట్టి ప్రతి ఫ్లాటు యజమాని పేరు, ఫ్లాట్ నంబరు, స్వాధీనం తేదీ, సంతకం ఉండాలి. మొదటి యజమాని దగ్గర తర్వాత కొన్నవాళ్లూ చేరవచ్చు, అద్దెకున్నవాళ్లకు ఆ హక్కు లేదు. అగ్రిమెంటులో నోటీసుల కోసం ఇచ్చిన చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, అదే ఈమెయిల్ కూడా చేయండి. నీళ్లు విషమని రాయకండి. వాసన ఎప్పటి నుంచి, ఏ బోరులో, ఎవరికి ఎప్పుడు చెప్పాం, ఏం సరిచేయాలి, ఇవే రాయండి.

బ్రోచర్ దొరికితే భద్రం చేయండి. నీళ్ల గురించి అందులో అబద్ధం చెప్పి ఉంటే రెరా చట్టం సెక్షన్ 12 కింద మరో దారి ఉంది. నోటీసు అందాక ముప్పై రోజులు ఆగండి. మరమ్మతు జరగకపోతే సరిచేయించమని రెరా అథారిటీకి ఒక ఫిర్యాదు, నష్టపరిహారానికి అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కు మరొకటి వేయాలి. పరిహారం తేల్చేది అడ్జుడికేటింగ్ ఆఫీసరేనని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. సేల్ అగ్రిమెంటు, స్వాధీన పత్రం, బిల్డర్ లేఖ ఒరిజినల్స్ పట్టుకుని మీ ఊళ్లో రెరా కేసులు చేసే న్యాయవాది దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి.