భాషా సందేహాలు: నాలుక చప్పుడుకి ఏ అక్షరం?

ప్రశ్న: నేను రాస్తున్న ఫాంటసీ నవలలో ఒక దీవి జనానికి సొంత భాష కల్పించాను. అందులో గొంతు బిగించి పలికే ఒక ‘క’, నాలుకతో చేసే ఒక చప్పుడు ఉన్నాయి. ఆ ‘క’ని ‘ఖ్క’ అని రాస్తే, చదివినవాళ్లు దగ్గనుకుంటున్నారు. ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పు వాళ్లది కాదమ్మా, ఆ ‘ఖ’ది. ‘ఖ’ అంటే ఊపిరి బయటికి తన్నుకొస్తుంది. మీకు కావలసింది దానికి తలకిందులు. ఊపిరి బిగబట్టి, అలాగే ఉంచి ‘క’ అనండి. సీసా బిరడా ఊడినట్టు చిన్న చప్పుడొస్తుంది, అదే. ‘అవతార్’ (2009) కోసం నావి భాష కట్టిన పాల్ ఫ్రామర్, ఈ జాతి శబ్దాలను పి, టి, కె పక్కన ఎక్స్ తగిలించి రాశారు. ఆ భాషలో ఎక్స్‌కి వేరే పనేమీ లేదు మరి.

మనకి అలా ఖాళీగా ఉన్న అక్షరాలు తక్కువ. ‘ఱ’ ఉంది గానీ, చూడగానే ‘ర’ అనే చదువుతారు. ధ్వనిశాస్త్రంలో ఈ ‘క’ పక్కన అపాస్ట్రఫీ పెడతారు. రోమన్ లిపిలో అది హల్లుకీ అచ్చుకీ మధ్య కూర్చుంటుంది. తెలుగులో గుడి హల్లుకే అంటుకుంటుంది కాబట్టి ‘కి’ తర్వాత పెడితే బిగింపు ‘ఇ’ మీద ఉన్నట్టుంటుంది. అందుకని ముందే పెట్టండి: ’కి, ’కో, ’క్రా. సంభాషణలకి డబుల్ కోట్స్ వాడండి, లేకపోతే ప్రూఫ్ చూసేవాళ్లు తిట్టుకుంటారు. 2021 నుంచి యూనికోడ్‌లో తెలుగు అక్షరం కింద పెట్టే నుక్తా చుక్క కూడా ఉంది. పాత ఫోన్లలో సరిగ్గా కనబడదు, నేనైతే దాని జోలికి పోను.

ఇక నాలుక చప్పుడు. మనం రోజూ ‘ప్చ్’ అని రాస్తూనే ఉన్నాం. పలికేటప్పుడు అందులో ‘ప’ లేదు, ‘చ’ లేదు, అయినా ఎవరూ తడబడరు. అదే ‘ప్చా’ అని రాయండి, రెండూ పలికేస్తారు. కాబట్టి చప్పుడు ఒంటరిగా వస్తే ‘ప్చ్’ చాలు. నాలుకని అంగిటికి కొట్టి తీసే చప్పుడుతో మాట మొదలైతే !ఆ, !ఓ అని రాయండి. అంతర్జాతీయ ధ్వనిలిపిలోనూ దానికి ఆశ్చర్యార్థకమే గుర్తు. మొదటిసారి వచ్చినచోట ఎలా పలకాలో ఏదో ఒక పాత్ర చేత అనిపించండి, ఫుట్‌నోట్ వద్దు.

‘బాహుబలి’లో కాలకేయుల కిలికి వినడానికి బాగానే ఉంది, దాన్ని చదివే పని ప్రేక్షకుడికి పడలేదు. మీ పాఠకులకి పడుతుంది. నాయకుడికి మామూలు అక్షరాలతో పేరు పెట్టి, ఈ రెండు శబ్దాలనీ తిట్లకీ మంత్రాలకీ ఉంచుకోండి.